ఫాల్గుణ, చైత్ర మాసాలలో విశాఖ చుట్టూ పాములు, బల్లులు, కప్పలను చూడడం: ఎక్కడికి, ఏ వేళకు వెళ్లాలి?

భీమిలి_బాటసారి

సభ్యులందరికీ నమస్కారం. ఉగాదికి ముందు వచ్చే వారాంతంలో మేము నలుగురు మిత్రులం కలిసి సరీసృపాలను, ఉభయచరాలను వాటి సొంత చోట్లలోనే చూసి ఫొటోలు తీసుకోవాలని అనుకుంటున్నాము. పక్షులను చూడడం మాకు కొంత అలవాటే కాని, నేల మీద పాకే ప్రాణులను వెతకడం ఇదే మొదలు. ఒక పూట కంబాలకొండ, ఒక పూట ఎర్రమట్టి దిబ్బలు, మిగిలిన సమయం అనంతగిరి వైపు గడపాలని ఆలోచన. విదేశీయుల వీడియోలలో వసంతం రాగానే పొలాల గట్ల మీద రాళ్లు, పాత రేకులు ఎత్తి చూస్తే కింద పాములు చుట్టుకుని కనబడుతున్నాయి. ఆ పద్ధతి మన ప్రాంతంలో పనికి వస్తుందా? కప్పలను కూడా బాగా చూడాలని మాలో ఇద్దరికి పట్టుదలగా ఉంది. అనుభవం ఉన్నవారు దారి చూపగలరు.

తూరుపుకనుమలు

బాటసారి గారూ, ముందుగా ఆ వీడియోల సంగతి చెబుతాను. మంచు పడే దేశాలలో పాములు, బల్లులు చలికాలమంతా నేల లోపల మందకొడిగా పడి ఉండి, వసంతంలో ఒక్కసారిగా పైకి వస్తాయి. అప్పటికి గాలి ఇంకా చల్లగానే ఉంటుంది కనుక ఎండకు వేడెక్కిన రాయి, రేకు వాటికి ఆశ్రయమవుతాయి. విశాఖలో అటువంటి చలికాలమే లేదు. మనకు ఫాల్గుణం, చైత్రం అంటే ఎండాకాలానికి గుమ్మం. మార్చి నెలలో పదకొండు గంటల వేళకు ఎండలో ఉన్న రాయి కింద ప్రాణి నిలవలేదు. కాబట్టి మన దగ్గర వెతకవలసింది వేడి ఉన్న చోటును కాదు, నీడా తడీ ఉన్న చోటును. ఇంత ఒక్కటి మనసులో పెట్టుకుంటే మీ ప్రయాణ ప్రణాళిక చాలావరకు దానంతట అదే మారిపోతుంది.

సూర్యోదయం నుంచి సుమారు తొమ్మిది గంటల వరకు తొండలు, నలికండ్ల పాములు (పేరుకే పాములు, నిజానికి బల్లి జాతివి), ఉడుములు ఎండ కాచుకోవడానికి బయటికి వస్తాయి. తరువాత సాయంత్రం నాలుగున్నర వరకు మీరు భోజనం చేసి నిద్రపోయినా నష్టం లేదు. చీకటి పడిన తరువాతి రెండు మూడు గంటలు బల్లులకు, కొన్ని పాములకు అనువైన వేళ. ఎర్రమట్టి దిబ్బలకు తెల్లవారుజామునే వెళ్లండి. అక్కడి పొదల మధ్య బట్టబయలుగా ఉండే ఇసుక నేల మీద సిటానా జాతి చిన్న తొండలు ఉంటాయి. ఇది వాటి జత కట్టే కాలానికి ఆరంభం కనుక, మగ తొండ చిన్న గడ్డ మీదో ఎండుపుల్ల మీదో ఎక్కి గొంతు కింది తిత్తిని విప్పి ముడుస్తూ ఉంటుంది. దానిని వెంబడించకండి. కొంత దూరంలో కూర్చుంటే అదే మళ్లీ తన గడ్డ మీదికి వస్తుంది. తోటల్లోని మామూలు తొండల మగవాటికి కూడా ఈ రోజుల్లోనే తల, మెడ ఎర్రబారడం మొదలవుతుంది. మన ఊళ్లలో వాటినే ఊసరవెల్లి అని పిలిచి రాళ్లు రువ్వుతారు. అసలైన ఊసరవెల్లి వేరు. అది రెండు కళ్లను విడివిడిగా తిప్పుతూ, తోకను కొమ్మకు చుట్టి, చెట్ల మీద మెల్లగా నడిచే ప్రాణి. కంబాలకొండ వంటి చోట్ల పొదల అంచుల్లో ఓపికగా చూస్తే కనబడవచ్చు.

కప్పల విషయంలో మాత్రం మీ మిత్రులను కొంచెం నిరాశపరచక తప్పదు. మన కప్పలలో ఎక్కువ రకాలు నైరుతి రుతుపవనం వచ్చిన తరువాతనే గుంటల దగ్గర చేరి అరుస్తాయి. బావురు కప్పల మగవి నిమ్మపండు రంగుకు మారేది కూడా ఆ తొలకరి జల్లుల్లోనే. ఇప్పుడు అవి నేలలోనో, బురద నెర్రెల్లోనో దాగి ఉంటాయి.

అనంతగిరి_కాఫీ

తూరుపుకనుమలు గారి మాట మైదానానికి సరిపోతుంది. కొండ మీద కథ కొంత వేరు. మా వైపు సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్లకే మిరియపు తీగలు ఉంటాయి. ఆ నీడలో ఆకుల పొర మార్చిలో కూడా అడుగున చెమ్మగానే ఉంటుంది. ఎండిపోని గెడ్డలు, అంటే కొండ వాగులు, కొన్ని ఉంటాయి. అటువంటి గెడ్డ అంచున చీకటి పడ్డాక నిలబడితే చిన్న కప్పలు, తోకకప్పలు తప్పక కనబడతాయి. నిలవనీటి గుంటల్లో నీటి మీద గెంతుకుంటూ పోయే చిన్న కప్ప ఏడాది పొడవునా ఉంటుంది. మామిడి జల్లులు ముందుగా పడితే ఆ రాత్రి గోదురు కప్పలు కూడా దారుల మీదికి వస్తాయి. కాని ఆ జల్లులు ఏప్రిల్‌లో పడతాయో, మే నెలలో పడతాయో మా పెద్దవాళ్లే చెప్పలేరు.

చెట్టు కప్ప కోసం అడవికి వెళ్లనవసరం లేదు. ఎండాకాలంలో అది స్నానాల గదిలో, నీళ్ల తొట్టి వెనుక, కుండల గూట్లో తలదాచుకుంటుంది. ఒంటి మీద ఊరే కొవ్వు పదార్థాన్ని కాళ్లతో శరీరమంతా పూసుకుని చర్మంలోని తేమ ఆరిపోకుండా చూసుకుంటుంది. మీ ఇంటి పెరట్లోనే మొదలుపెట్టండి.

మరొక మాట. ఇప్ప పువ్వు రాలే కాలం ఇదే. పువ్వు ఏరుకోవడానికి వీలుగా చెట్టు కింద ఎండుటాకును కాలుస్తారు. పోడు కోసం నరికిన వాలులను తగలబెట్టేది కూడా ఈ రోజుల్లోనే. అలా కాలిన నేల మీద మీరు ఎంత వెతికినా ఏమీ దొరకదు. పొగ వస్తున్న వాలు వైపు అసలు వెళ్లవద్దు. ఇప్ప చెట్టు దగ్గర పువ్వు ఏరుకుంటున్న ఆడవాళ్లు కనబడితే కెమెరా తీయకుండా ముందు పలకరించండి. ఆ చుట్టుపక్కల ఏ పాము ఏ పుట్టలో ఉందో వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

రాత్రి_టార్చి

అందరూ మర్యాదగా మాట్లాడుతున్నారు కాబట్టి కొంచెం విభేదిస్తాను. రాయి ఎత్తకుండా, ఆకు కదపకుండా చూడాలంటే తొండలతోనే సరిపెట్టుకోవాలి. ఈ ప్రాంతం గొప్పతనమంతా నేల కింద ఉంది. బార్కూడియా మెలనోస్టిక్టా అనే కాళ్లు లేని నలికండ్ల పాముకు 1801లో శాస్త్రీయ నామం పెట్టినప్పుడు దాని చోటుగా చెప్పినది మన విశాఖపట్నమే. చూసేవారు వానపామనో, పాము పిల్లనో అనుకుంటారు. సెప్సోఫిస్ పంక్టాటస్ అనే మరో నలికండ్ల పామును బెడ్డోమ్ అనే ప్రకృతి శాస్త్రవేత్త 1870లో వర్ణించాడు. తరువాత నూరేళ్లకు పైగా అది ఎవరి కంటా పడలేదు. మన తూర్పు కనుమల్లోనే మళ్లీ దొరికింది. బెడ్డోమే ఒడిశాలోని జయపురం కొండల నుంచి వర్ణించిన నేలబల్లి ఒకటి కూడా అలాగే నూరేళ్లకు పైగా కనబడకుండా ఉండి 2011లో తిరిగి వెలుగు చూసింది. చూడడానికి వానపాములా ఉండే, కాళ్లు లేని ఉభయచరం సిసీలియన్‌లో ఒక కొత్త జాతిని 2013లో ఒడిశా వైపు తూర్పు కనుమల నుంచి వర్ణించారు. వీటిలో ఒక్కటైనా దారి పక్కన కూర్చుని ఎదురుచూస్తే దొరికేది కాదు. జాగ్రత్తగా రాయి ఎత్తి, జాగ్రత్తగా తిరిగి పెట్టడం తెలిసినవారికి అభ్యంతరం ఎందుకు?

తూరుపుకనుమలు

రాత్రి_టార్చి గారూ, మీరు చెప్పిన ప్రాణులను తిరిగి కనుగొన్నవారు అనుమతి పత్రాలతో, ఏ రాయి ఎత్తామో రాసిపెట్టుకుంటూ పనిచేసిన పరిశోధకులు. వారాంతంలో నలుగురు మిత్రులు చేసే వెతుకులాట అది కాదు. నా అభ్యంతరం మర్యాద కోసం కాదు, తేమ కోసం. ఎండాకాలపు గుమ్మంలో ఒక రాయి కింద మిగిలిన చెమ్మ జూన్ వరకు అక్కడి ప్రాణులన్నిటికీ ఆధారం. రాయి అంచుకూ మట్టికీ మధ్య ఉన్న అతుకు ఒకసారి విడిపోతే, మీరు ఎంత నేర్పుగా తిరిగి పెట్టినా గాలి చొరబడి ఆ చెమ్మ ఆరిపోతుంది. చలి దేశాల్లో వసంతం తరువాత వాన ఉంటుంది కాబట్టి అక్కడ ఆ నష్టం పూడుతుంది. మనకు ముందున్నది రోహిణి కార్తె. అదే రాయిని ఆగస్టులో ఎత్తితే నేను ఇంత గట్టిగా అనను.

ఒక మధ్యేమార్గం ఉంది. ఊళ్లో ఎవరి తోటలోనైనా యజమాని అనుమతితో, ఇటుకలు, కొబ్బరి మట్టలు, పాత గోనెలు వంటి మనుషులు పడేసినవాటిని తిరగేయండి. అవి ఎలాగూ రోజూ కదిలేవే. పొడవైన ఇనుప కొక్కెంతో, దూరపు అంచును పట్టి, మీ వైపుకు ఎత్తండి. అప్పుడు కింద ఉన్న ప్రాణికి అవతలి వైపు దారి దొరుకుతుంది, మీకూ దానికీ మధ్య ఆ పలక అడ్డుగా ఉంటుంది. చేతి వేళ్లు మాత్రం దేని కిందికీ పోకూడదు.

రాత్రి_టార్చి

తేమ గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటాను. అయితే నా పేరుకు తగిన సలహా ఇస్తాను. టార్చిని చేతిలో కిందికి పట్టుకోకుండా నుదుటి మీదో, చెంప పక్కనో కంటి ఎత్తులో ఉంచండి. బల్లుల కళ్లు, కప్పల కళ్లు, సాలీళ్ల కళ్లు ఆ వెలుగుకు మెరుస్తాయి. చుక్కంత పచ్చటి మెరుపైతే చాలావరకు సాలీడే. పాము కన్ను అలా మెరవదు. దానిని ఆకారంతోనే పట్టుకోవాలి. అందుకే అడుగు వేసే ముందు నేలను, తరువాత మోకాలి ఎత్తు పొదను, ఆ తరువాత తల ఎత్తు కొమ్మను చూసే అలవాటు చేసుకోండి. పసిరిక పాము పగలంతా మన మధ్యనే తిరిగినా కనబడదు. రాత్రి కొమ్మ చివర నిద్రపోతున్నప్పుడు మాత్రం టార్చి వెలుగులో పాలిపోయి తేలికగా తెలుస్తుంది.

బల్లులలో నేను ఎక్కువ ఇష్టపడేది తూర్పు తీరపు చిరుతబల్లి, యూబ్లెఫారిస్ హార్డ్‌విక్కీ. గోడ బల్లికి కనురెప్పలు ఉండవు, నాలుకతో కన్ను తుడుచుకుంటుంది. దీనికి కదిలే కనురెప్పలు ఉంటాయి. గోడ ఎక్కే మెత్తలు కాళ్లకు ఉండవు, నేల మీద ఒళ్లు ఎత్తి నడుస్తుంది. విషపు ప్రాణి అని కనబడగానే చంపుతారు. దానికి విషం లేదు.

ఉడుముగూడు

చట్టం గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతాను. కంబాలకొండ అభయారణ్యం. పర్యావరణ పర్యాటక ప్రాంతంలో పగటి వేళ టికెట్టు తీసుకుని తిరగవచ్చు. దాని అవతలికి గాని, చీకటి పడిన తరువాత గాని అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్లడం నేరం. కాబట్టి మీ రాత్రి నడక అక్కడ కుదరదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. పట్టుకోవడం, సరీసృపాల గుడ్లను, గూళ్లను కదిలించడం కూడా ఆ నిర్వచనంలోకే వస్తాయి. 2022 సవరణ తరువాత నాగుపాము, రక్తపింజర, గిరినాగు (కింగ్ కోబ్రా), ఉడుము మొదటి షెడ్యూలులో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలో ఉన్నాయి. ఫొటో కోసమని పామును కర్రతో ఎత్తి వీడియోలో పెట్టేవారు తమ మీద తామే సాక్ష్యం ఇచ్చుకుంటున్నారు.

ఇంకొక సంగతి. 2022లో జిల్లాలు విడిపోయిన తరువాత అనంతగిరి, అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, మాడుగుల వైపు అడవులు అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. అనుమతికి ఏ కార్యాలయానికి వెళ్లాలో ముందే తెలుసుకోండి. మాడుగుల, చీడికాడ వైపు గిరినాగులు ఉన్నాయని విని అటు మళ్లాలనే ఆలోచన వస్తుంది. ఆడ గిరినాగు ఏప్రిల్ నుంచి ఎండుటాకులను, వెదురాకులను ఒంటితో కుప్ప చేసి, దానిలో గుడ్లు పెట్టి కాపలా ఉంటుంది. పాములలో ఇలా గూడు కట్టేది మరొకటి లేదు. వెదురు పొదల్లో మోకాలి ఎత్తు ఆకుల కుప్ప కనబడితే దాని కథ తేల్చుకోవాలని దగ్గరికి పోకండి. ఆ ఊళ్ల రైతులు దానిని చంపకుండా కబురు చేయడం ఇప్పుడిప్పుడే అలవాటు చేసుకుంటున్నారు. మనం గుంపుగా వెళ్లి వాళ్లకు కొత్త భయం పెట్టనవసరం లేదు.

డాబాగార్డెన్స్_డాక్టరు

నేను వైద్యం వైపు నుంచి మాత్రమే చెబుతాను. మోకాలి కింద వరకు వచ్చే రబ్బరు బూట్లు, మందపాటి పొడుగు ప్యాంటు తప్పనిసరి. చెప్పులతో రాత్రి నడకకు వచ్చేవారిని వెనక్కి పంపండి. కాటు పడితే కోయడం, పీల్చడం, తాడు బిగించడం, పసరు పోయడం వద్దు. ఉంగరాలు, గడియారం తీసేసి, కాటు పడిన కాలిని లేదా చేతిని కర్రబద్ద కట్టి కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేయండి. నగరంలో కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉంది. కొండ మీద ఉన్నప్పుడు విరుగుడు మందు ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏదో బయలుదేరే ముందే విచారించి కాగితం మీద రాసుకోండి, ఎందుకంటే ఘాట్ రోడ్డులో ఫోన్ సిగ్నల్ అన్ని మలుపుల్లోనూ అందదు. పామును పట్టి తేవలసిన పని లేదు.

మన దేశంలో దొరికే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగింటి విషానికి తయారైనది. గిరినాగుకు గాని, కొండల్లో వెదురు పొదల మీద ఉండే పచ్చ పింజరకు గాని, సముద్రపు పాములకు గాని ఉద్దేశించినది కాదు. కట్లపాము కాటు చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. నేల మీద నిద్రపోయేవారికే ఎక్కువగా పడుతుంది. తెల్లవారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం మొదలవుతాయి. గుడారంలో పడుకునేటట్లయితే మడత మంచం, దాని చుట్టూ దోపిన దోమతెర వాడండి. అదే దోమల కోసం ఒంటికి మందు రాసుకున్న చేతులతో కప్పలను మాత్రం ముట్టవద్దు. వాటి చర్మం దానిని నేరుగా పీల్చుకుంటుంది.

జాలరిపేట_అల

సరీసృపాలంటే అందరూ కొండల వైపే చూస్తున్నారు. జనవరి నుంచి ఏప్రిల్ వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. ఒక్కొక్కటి సుమారు నూరుకు పైగా పెడుతుంది. నలభై అయిదు నుంచి అరవై రోజుల లోపల పిల్లలు వస్తాయి. గుడ్లున్న ఇసుక వేడిగా ఉంటే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువగా పుడతాయి. కుక్కల బారిన పడకుండా గుడ్లను తీసి కంచె వేసిన పొదుగుడు కేంద్రాల్లో పెట్టి, పిల్లలను సముద్రంలోకి వదులుతారు. తెల్లవారుజామున అటు వెళ్లి అక్కడి సిబ్బందిని అడిగితే, ఆ రోజు వదిలేవి ఉంటే చూడనిస్తారు. సెల్‌ఫోన్ వెలుగు వేయకండి. పిల్లలు సముద్రపు మెరుపును బట్టి దారి తెలుసుకుంటాయి కాబట్టి దీపం కనబడితే రోడ్డు వైపు తిరుగుతాయి.

పెద్ద వల లాగేటప్పుడు చేపలతో పాటు సముద్రపు పాములు కూడా ఒడ్డుకు వస్తాయి. తోక తెడ్డులా చదునుగా ఉంటుంది. మా వాళ్లు కర్రతో తీసి తిరిగి నీళ్లలోకి విసిరేస్తారు. ఇసుకలో కదలకుండా పడి ఉన్నదాన్ని చచ్చిందనుకుని పిల్లలు పట్టుకోబోతారు. డాక్టరు గారు చెప్పినట్లు వాటికి మన మందు పనిచేయదు, కనుక దగ్గరికి పోవద్దు.

భీమిలి_బాటసారి

అందరికీ కృతజ్ఞతలు. మా ప్రణాళిక ఇలా మార్చుకున్నాము. శనివారం తెల్లవారుజామున తీరం, అక్కడి నుంచి సూర్యోదయానికి ఎర్రమట్టి దిబ్బలు. మధ్యాహ్నం కొండెక్కి, రాత్రి ఒక మిత్రుడి బంధువుల కాఫీ తోటలో వారి అనుమతితో గెడ్డ వెంట నడక. ఆదివారం ఉదయం కంబాలకొండలో టికెట్టు తీసుకుని తిరగడం. రాళ్లు ఎత్తము. రాత్రి నడకలో ఇద్దరు ముందు, ఇద్దరు వెనుక ఉంటే మంచిదా, ఒకే వరుసలో నడవాలా?

అనంతగిరి_కాఫీ

ఒకే వరుస. ముందు నడిచేవారికి ఒక్కరికే వెడల్పు వెలుగు, మిగిలినవారికి సన్న వెలుగు. ఒక గెడ్డ నుంచి ఇంకో గెడ్డకు వెళ్లేటప్పుడు బూట్ల బురద కడిగి, ఆరనిచ్చి వెళ్లండి. కప్పల చర్మానికి పట్టే బూజు రోగం ఒక నీటి నుంచి మరో నీటికి అలాగే పాకుతుంది. ఘాట్ రోడ్డు మీద రాత్రి కారు నెమ్మదిగా నడపండి. పగటి వేడి మిగిలిన తారు రోడ్డు మీదికి పాములు వస్తాయి. మీరు చూడవలసిన పాము మీ చక్రం కిందే పడుతుంది.

వేదిక_నిర్వాహకులు

ఒక విన్నపం. ఫొటోలు పెట్టేటప్పుడు మండలం పేరు వరకే రాయండి. తోట పేరు, గెడ్డ పేరు, మ్యాపు గుర్తు వద్దు. రెండు తలల పామును లక్షలకు కొంటామని తిరిగే మోసగాళ్లు ఇటువంటి చర్చలు చదువుతూనే ఉంటారు. ప్రాణుల ఫొటోలు నమోదు చేసే ఐనాచురలిస్ట్ వెబ్‌సైటులో పెట్టేవారు స్థలాన్ని మరుగుపరిచే అవకాశాన్ని వాడుకోండి.

భీమిలి_బాటసారి

వెళ్లివచ్చాము. దిబ్బల దగ్గర సిటానా తొండలు తిత్తి విప్పడం కనులారా చూశాము. తూరుపుకనుమలు గారు చెప్పినట్లు కూర్చున్నాకనే వచ్చాయి. తీరంలో ఆ రోజు వదిలే పిల్లలు లేవు కాని, పొదుగుడు కేంద్రం సిబ్బంది గుడ్ల గుంటలకు తేదీ రాసిన పలకలు చూపించారు. కాఫీ తోటలో గెడ్డ అంచున మూడు రకాల కప్పలు, రాళ్ల సందున ఒక నేలబల్లి, మిరియపు తీగ మీద నిద్రపోతున్న పసిరిక పాము కనబడ్డాయి. కంబాలకొండలో ఒక ఉడుము చెదపుట్ట పక్కన ఎండ కాచుకుంటూ మమ్మల్ని చూసి పొదలోకి దూరింది. ఊసరవెల్లి దొరకలేదు.

ఒక సందేహం మిగిలింది. తోటలోని ఇంటి వరండా గోడ మూలన మూర కన్నా కొంచెం పొడవున్న గోధుమరంగు పాము, తెల్లటి అడ్డపట్టీలతో కనబడింది. ఇంటివారు కట్లపాము అని కర్ర తీశారు. మేము బతిమాలి ఆపాము. అది గోడ ఎక్కి పెంకుల్లోకి వెళ్లిపోయింది. ఫొటో జత చేస్తున్నాను. ఏమిటిది?

తూరుపుకనుమలు

ఫొటో స్పష్టంగా ఉంది. ఇది వుల్ఫ్ స్నేక్, విషం లేనిది. మూడు ఆధారాలు చెబుతాను. మొదటిది, పట్టీలు మెడ దగ్గరే మొదలై తోక వైపు పోయేకొద్దీ చెదిరి మాసిపోతున్నాయి. కట్లపాములో దీనికి తారుమారుగా, ముందు భాగం చాలావరకు మచ్చ లేకుండా ఉండి, తోక వైపు పోయేకొద్దీ పట్టీలు స్పష్టమవుతాయి, అవి తరచు జంటలుగా ఉంటాయి. రెండవది, కట్లపాము నడుము మీద వెన్ను వెంట మధ్య వరుస పొలుసులు పెద్దవిగా ఆరు పలకలుగా ఉంటాయి. మీ ఫొటోలో వెన్ను పొలుసులన్నీ పక్క పొలుసుల పరిమాణంలోనే ఉన్నాయి. మూడవది, నిటారు గోడను అంత సులువుగా ఎక్కడం వుల్ఫ్ స్నేక్‌కు అలవాటు, బల్లుల కోసమే ఇళ్లలోకి వస్తుంది.

అయినా ఇంటివారికి మాత్రం పట్టీలను చూసి తేల్చుకోమని చెప్పకండి. రంగు మాసిన కట్లపాములు, పట్టీలే లేని కట్లపాములు కూడా ఉంటాయి. ఏ పాము వచ్చినా దూరంగా నిలబడి పాములు పట్టేవారికో, అటవీశాఖకో కబురు చేయమనండి. వరండాలో నేల మీద పడుకునే అలవాటు ఉంటే మంచాలు వేసుకోమనండి.

భీమిలి_బాటసారి

వారికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను. వరండాలో పడుకునేది వారి తాతగారు ఒక్కరేనట, మంచం వేస్తామన్నారు. తొలకరి పడ్డాక కప్పల కోసం మళ్లీ అదే తోటకు రమ్మన్నారు. జూన్ మూడో వారంలో రావాలనుకునేవారు ఈ చర్చలోనే పేరు రాయండి. బూట్లు మీవే తెచ్చుకోవాలి.